ఒక రీలును మన చేతులతో కడగడం, ఒక ప్రింటు తీయడం

ఫోటోలు "కడిగించడం" అన్న మాట ఒకప్పుడు తెలుగు ఇళ్లలో ప్రతి పెళ్లి తరువాతా, ప్రతి తీర్థయాత్ర తరువాతా వినిపించేది. కెమెరాలో రీలు అయిపోయాక దాన్ని స్టూడియోలో ఇచ్చి, వారం రోజులు ఎదురుచూసి, ఒకే కవరులో ప్రింట్లనూ నెగటివ్‌లనూ తెచ్చుకునేవాళ్లం. ఫోటో అంటే మీట నొక్కడంతో అయిపోయేది కాదనీ, చీకటి గదిలో ఒక మనిషి నీళ్లతో, మందులతో, గడియారంతో కుస్తీ పడితే తప్ప అది చేతికి రాదనీ ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఇప్పుడు చాలామంది యువతీయువకులు తాతగారి బీరువాలోని కెమెరాను బయటికి తీసి, రీలు కొని, ఫోటోలు తీసి, ల్యాబుకు పంపి, వచ్చిన స్కాన్లను ఫోనులో చూసుకుంటున్నారు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు గాని, ఆ దారిలో సగం పని పరాయి చేతుల్లోనే ఉండిపోతుంది. ఫిల్ముతో పనిచేసేవారికి తమ పని పట్ల గర్వం ఉండడం న్యాయమేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. చెడిపోతే చెడగొట్టింది నేనే, కుదిరితే కుదిర్చింది నేనే అని చెప్పగలిగినవారికే ఆ గర్వం దక్కుతుంది. అందుకోసం ఒక్క బ్లాక్ అండ్ వైట్ రీలును కెమెరాలో ఎక్కించడం దగ్గర్నుంచి, దానిలోంచి ఒక్క మంచి ప్రింటు తీసి పటం కట్టించుకునేంతవరకు చేయవలసిన పనినంతా ఇక్కడ వివరిస్తున్నాను. ఇరవై ఏళ్లుగా నా ఇల్లు గడుస్తున్నది డిజిటల్ కెమెరా మీదే కనుక దాని మీద నాకు చిన్నచూపు లేదు. ఆ రెండింటి తేడా వల్ల చేసే పని మారిన చోట మాత్రమే పోలిక తెస్తాను.

మొదటి రీలు బ్లాక్ అండ్ వైట్‌దే అయి ఉండాలి. కలర్ నెగటివ్‌కు డెవలపర్ (ఫిల్ము మీద బొమ్మను పైకి తెచ్చే మందు) 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అర డిగ్రీ కూడా అటూ ఇటూ కాకుండా నిలవాలి; బ్లాక్ అండ్ వైట్ అయితే చిన్న పొరపాట్లను ఓర్చుకుంటుంది, పైగా ఫలితాన్ని మార్చుకునే వీలు ప్రతి దశలోనూ ఇస్తుంది. ఒకప్పుడు మన స్టూడియోలు ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి "ఇందు" సరుకు వాడేవి. అది ఇప్పుడు లేదు. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ గాని, కోడక్ ట్రై-ఎక్స్ గాని దొరుకుతాయి. రెండూ 400 స్పీడువే (స్పీడు అంటే వెలుగును పట్టుకునే చురుకుదనం) కనుక ఎండలోనూ, వరండా నీడలోనూ పనికివస్తాయి. రీలును ఫ్రిజ్‌లో దాచుకున్నట్లయితే, వాడబోయే ముందు డబ్బీ మూత తెరవకుండా ఒకటి రెండు గంటలు బయట ఉంచండి. చల్లటి ఫిల్ముకు మన గాలిలోని తేమ తగిలితే నీటి చుక్కలు పడతాయి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం రీలును ఎన్నడూ వదలకండి.

రీలు ఖరీదైన వస్తువు కాబట్టి, దాన్ని ఎక్కించే ముందు ఒక వారం మీ డిజిటల్ కెమెరాతోనే సాధన చేయండి. ఐ.ఎస్.ఓ.ను, అంటే కెమెరాలోని స్పీడు అంకెను, 400 వద్ద స్థిరపరచి, తెరను ఆపివేసి లేదా దాని మీద నల్ల టేపు అంటించి, రోజుకు 36 ఫోటోలు మాత్రమే తీసి, రాత్రి ఇంటికి వచ్చాకే చూసుకోండి. ప్రతి ఫోటోకూ ఎపర్చరు (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకోవాలన్నది), షట్టరు స్పీడు (వెలుగు ఎంతసేపు లోపలికి పడాలన్నది) మీరే ఎంచుకుని జేబులోని పుస్తకంలో రాసుకోండి. మొదటి రోజు చెయ్యి తరచుగా తెర వైపు వెళుతుంది. మూడో రోజుకు వెలుగును కంటితోనే అంచనా వేయడం మొదలవుతుంది. ఈ సాధనకు డిజిటల్ కెమెరాను మించిన గురువు లేదు. ఫిల్ము రోజుల్లో నేను ఆరు నెలల్లో నేర్చుకున్నది దానితో పదిహేను రోజుల్లో పట్టుబడుతుంది.

రీలు ఎక్కించడం

35 మిల్లీమీటర్ల రీలును నీడలో నిలబడి ఎక్కించాలి. రీలు నాలుకను, అంటే బయటికి వచ్చి ఉన్న ఫిల్ము కొసను, కెమెరా కుడివైపు ఉన్న కడ్డీ చీలికలోకి దూర్చి, ఒకసారి వైండ్ చేసి, ఫిల్ముకు ఇరువైపులా ఉన్న రంధ్రాల్లో పళ్లు కూర్చున్నాయని కళ్లతో చూసిన తరువాతే వెనుక తలుపు మూయండి. ఆ తరువాత చేయవలసిన పనిని చాలామంది మరచిపోతారు. ఎడమవైపు ఉన్న రివైండ్ నాబును బాణం గుర్తు ఉన్న వైపు మెల్లగా తిప్పి, లోపలి ఫిల్ము బిగిసినట్లు చేతికి తెలిశాక ఆపి, మళ్లీ వైండ్ చేయండి. వైండ్ చేసినప్పుడు ఆ నాబు దానంతట అదే వెనక్కు తిరిగితేనే లోపల ఫిల్ము నడుస్తున్నట్లు లెక్క. తిరగకపోతే కౌంటరు అంకెలు ఎంత ముందుకు పోతున్నా సరే, ఫిల్ము కదలడం లేదన్నమాట.

నేను ఈ పాఠం నేర్చుకున్న తీరు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. 1989 వేసవిలో తెనాలి దగ్గరి ఒక పల్లెలో జరిగిన పెళ్లికి నాకు ఈ పని నేర్పిన మా మాస్టారు నన్ను ఒంటరిగా పంపారు. జీలకర్ర బెల్లం ముహూర్తానికి కొంచెం ముందు మొదటి రీలు అయిపోతే, మేళం హోరులో, జనం తోపులాటలో గబగబా రెండో రీలు ఎక్కించి పనిలో పడ్డాను. మాంగల్యధారణ, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం అన్నీ ఆ రీలులోనే. కౌంటరు 36 చూపించింది. రివైండ్ చేసేటప్పుడు చేతికి ఏ బరువూ తగలకపోవడం నాకు అర్థం కాలేదు. మర్నాడు చీకటి గదిలో కడిగి, దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే, ఫిల్ము అంచున 1 నుంచి 36 వరకు అంకెలు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. వాటి మధ్యన ఏమీ లేదు. అద్దంలా ఖాళీగా ఉన్న ఆ ఫిల్ములోంచి అవతలి గోడ కనిపించింది. మాస్టారు నన్ను ఒక్క మాట అనకుండా చొక్కా మార్చుకుని, పెళ్లివారింటికి తానే వెళ్లి చెప్పి వచ్చారు.

డిజిటల్ కెమెరాలో ఇటువంటి నష్టం మరో రూపంలో, కార్డు చెడిపోవడంగా వస్తుంది గాని, కనీసం మొదటి ఫోటో తీయగానే తెర చూసి తెలుసుకునే వీలుంది. ఫిల్ము కెమెరాలో ఆ తెర పని రివైండ్ నాబు చేస్తుంది. ప్రతి ఫోటోకూ దాన్ని ఓరకంట చూడడం అలవాటు చేసుకోండి.

వెలుగు కొలవడం

డిజిటల్ సెన్సారుకు వెలుగు మితిమీరితే ఆ భాగం తెల్లగా తెగిపోతుంది, ఇక దానిలోంచి ఏమీ వెనక్కు రాదు. నీడలో పడిన భాగాన్ని మాత్రం కంప్యూటరులో చాలావరకు పైకి లాగవచ్చు. నెగటివ్ ఫిల్ముది సరిగ్గా దీనికి తలకిందులైన స్వభావం. ఎక్కువ వెలుగును అది ఓర్చుకుంటుంది. వెలుగు చాలని నీడ ఫిల్ము మీద అసలు నమోదే కాదు, నమోదు కానిదాన్ని ఏ మందూ పుట్టించలేదు. కనుక డిజిటల్‌తో వెలుగును కాపాడే అలవాటు ఉన్నవారు ఫిల్ముకు వచ్చేసరికి నీడను కాపాడడం నేర్చుకోవాలి. సందేహం వస్తే ఒక స్టాపు ఎక్కువ వెలుగు, అంటే రెట్టింపు వెలుగు, ఇవ్వండి.

వెలుగును కొలిచే మీటరు లేని కెమెరా అయినా భయం లేదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఎపర్చరు 16 వద్ద పెట్టి (ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), ఫిల్ము స్పీడుకు దగ్గరగా ఉన్న షట్టరు స్పీడు వాడాలన్నది పాత సూత్రం: 400 ఫిల్ముకు 1/500 సెకను. పలచని మబ్బు ఉంటే 11, మబ్బు కమ్మితే 8, బాగా ముసురు పట్టితే 5.6, ఎండ పడని ఆరుబయటి నీడలో 4. ఈ అయిదు అంకెలు కంఠతా వస్తే మీటరు లేని పాత కెమెరాతో కూడా నిశ్చింతగా పనిచేయవచ్చు.

మీటరు ఉన్నవారికి మరో జాగ్రత్త అవసరం. కెమెరాలోని మీటరు తన ముందున్నది ఏదైనా సరే మధ్యరకం బూడిద రంగే అనుకుని లెక్క కడుతుంది. మధుపర్కాలు కట్టుకున్న వధూవరులను కొలిస్తే ఆ తెల్లబట్టలను బూడిదగా మార్చే లెక్క ఇచ్చి, ముఖాలను నల్లగా ముంచుతుంది. వాళ్లు నిలబడ్డ వెలుగులోనే మీ అరచేతిని చాచి, అరచేతి మీద మీటరు కొలిచి, దానికంటే ఒక స్టాపు ఎక్కువ తెరవండి. ఒంటి ఛాయ మనిషికీ మనిషికీ ఎంత మారినా అరచేయి ఛాయ అంతగా మారదు, అందుకే ఈ పద్ధతి ఎవరికైనా పనికివస్తుంది.

మందులు కలపడం

ఫిల్మును కడగడానికి మూడు మందులు చాలు: డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ బాత్, బొమ్మను స్థిరపరిచే ఫిక్సర్. మన స్టూడియోల్లో ఫిక్సర్‌ను హైపో అనేవారు. ఈనాటికీ పాతవారి నోట ఆ మాటే వస్తుంది. డెవలపర్లలో కోడక్ 1920లలో తెచ్చిన డీ-76 ఇప్పటికీ కొత్తవారికి నమ్మకమైనది. ప్యాకెట్టుగా దొరికితే దాని మీద రాసిన ప్రకారం వేడి నీటిలో కరిగించి, చల్లార్చి, ముదురు రంగు సీసాలో అంచుదాకా నింపి, కలిపిన తేదీ రాసి పెట్టండి. సీసాలో గాలి ఎంత తక్కువ ఉంటే మందు అంత ఎక్కువ కాలం నిలుస్తుంది.

మా మాస్టారు ప్యాకెట్టు కొనేవారు కాదు. చిన్న త్రాసులో తూచి కలిపేవారు: లీటరు మందుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు, ఇదే వరుసలో. మెటాల్‌ను ముందుగా వేయాలి, ఎందుకంటే సల్ఫైట్ దట్టంగా కరిగిన నీటిలో అది కరగదు. అయితే మెటాల్ గాలికి పాడవకుండా ఉండేందుకు దానికంటే ముందు సల్ఫైట్‌ను ఒక చిటికెడు మాత్రం వేయాలి. ఆ చిటికెడు ఎందుకో అడిగే దాకా ఆయన చెప్పలేదు, అడిగిన రోజున మాత్రం సంతోషంతో అరగంట చెప్పారు. మెటాల్ కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి. చేతి తొడుగులు లేకుండా ఏ మందునూ ముట్టకండి, వంటింటి గిన్నెలూ గరిటెలూ ఈ పనికి వాడకండి, కిటికీ తెరిచి ఉంచండి.

చీకట్లో చేతివేళ్ల పని

కడిగే ట్యాంకులో ఒక స్పైరల్ ఉంటుంది. ఫిల్మును దాని గాడిలోకి చుట్ట చుట్టినట్లు ఎక్కించి, ట్యాంకు మూత పెట్టేవరకు పూర్తి చీకటి కావాలి. ఎర్ర దీపం కూడా పనికిరాదు, అది ప్రింటింగ్ కాగితానికి మాత్రమే. చీకటి గది లేనివారు ఛేంజింగ్ బ్యాగు, అంటే వెలుగు చొరకుండా చేతులు మాత్రం దూర్చుకునే నల్లసంచి, కొనుక్కోవచ్చు.

ముందుగా పనికిరాని ఒక రీలును బలి ఇవ్వండి. దాన్ని వెలుగులో పదిసార్లు, కళ్లు మూసుకుని మరో పదిసార్లు స్పైరల్‌లోకి ఎక్కించి చూసుకోండి. అసలు రీలును చీకట్లో తెరిచాక, నాలుక భాగాన్ని రెండు రంధ్రాల మధ్యగా అడ్డంగా, తిన్నగా కత్తిరించి, మూలలు రెండూ కొంచెం గుండ్రంగా చేయండి. మొన మూల ఉంటే గాడిలో గుచ్చుకుని ఆగిపోతుంది. ఫిల్మును అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని, బొటనవేలితోనూ చూపుడువేలితోనూ కొద్దిగా విల్లులా వంచి గాడి నోట్లోకి తోస్తే, రెండువైపులా సమానంగా జారుతున్న సన్నటి గరగర చేతికి తగులుతుంది. ఆ గరగర ఆగి ఒక పక్క బిగిసినట్లు అనిపిస్తే బలవంతం చేయవద్దు. వెనక్కు లాగి మళ్లీ మొదలుపెట్టండి. విసుగుతో తోస్తే ఫిల్ము మడత పడుతుంది, ఆ మడత ప్రింటులో నెలవంక లాంటి మచ్చగా కనిపిస్తుంది.

విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో బ్యాగులో చేతులు పెట్టిన అయిదు నిమిషాలకే చెమట పట్టి ఫిల్ము అతుక్కుంటుంది. తెల్లవారుజామున చల్లటి వేళ పని పెట్టుకోండి, ప్లాస్టిక్ స్పైరల్‌ను ముందు రోజే కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఒక్క తడి చుక్క ఉన్నా ఫిల్ము ముందుకు కదలదు.

కడగడం

డెవలపర్ వేడి 20 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రతి డబ్బా మీదా రాసి ఉంటుంది. వేసవిలో మన మిద్దె మీది ట్యాంకు నీళ్లు 35 డిగ్రీలు దాటి ఉంటాయి. అంత వేడి నీళ్లలో ఫిల్ము మీది జిలాటిన్ పొర మెత్తబడి నలుగుతుంది, చల్లటి మందులోంచి వేడి నీటిలోకి హఠాత్తుగా మారితే పొర ముడతలు పడి ఎండిన చెరువు మట్టిలా పగులుతుంది. అందుచేత ఒక వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి, ఐసు ముక్కలను ప్లాస్టిక్ సంచిలో కట్టి వేసి, మూడు మందుల సీసాలనూ, కడిగే నీళ్లనూ అందులోనే నిలబెట్టి, అన్నీ ఒకే వేడికి వచ్చేవరకు వేచి ఉండండి. థర్మామీటరు ఈ పనిలో గడియారమంత ముఖ్యం.

హెచ్‌పీ5 ప్లస్‌ను డీ-76లో నీళ్లు కలపకుండా 20 డిగ్రీల వద్ద 7 నిమిషాల 30 సెకన్లు కడగాలి. అదే మందులో సమానంగా నీళ్లు కలిపితే 11 నిమిషాలు. మన వాతావరణానికి ఈ రెండో పద్ధతినే నేను సిఫారసు చేస్తాను. వేడి పెరిగేకొద్దీ సమయం తగ్గించాలి కదా. 24 డిగ్రీల వద్ద నీళ్లు కలపని మందుకు సమయం దాదాపు 5 నిమిషాలకు పడిపోతుంది, అంత తక్కువ సమయంలో పోయడం, ఒంపడం కాస్త ఆలస్యమైనా ఫిల్ము మీద చారలు పడతాయి. నీళ్లు కలిపిన మందుకు 24 డిగ్రీల వద్ద కూడా సుమారు 7 నిమిషాల 30 సెకన్లు ఉంటాయి కనుక చేతికి తీరిక దొరుకుతుంది. ఇలా నీళ్లు కలిపిన మందును ఒక్కసారి వాడి పారబోయాలి.

మందు పోయగానే మూత బిగించి, మొదటి 10 సెకన్లలో ట్యాంకును నాలుగుసార్లు తలకిందులు చేసి, అడుగును బల్ల మీద రెండుసార్లు తట్టండి. ఫిల్ముకు పట్టిన గాలి బుడగలు ఊడిపోతాయి. ఆ తరువాత ప్రతి నిమిషం మొదట్లో నాలుగుసార్లు తిప్పితే చాలు. ఎక్కువ కదిపితే నలుపు తెలుపుల తేడా పెరిగి నెగటివ్ కరకుగా వస్తుంది, తక్కువ కదిపితే అక్కడక్కడ మచ్చలుగా వస్తుంది. ఈసారి ఎలా తిప్పారో వచ్చేసారీ అలాగే తిప్పండి. చేతిపనిలో నిలకడ అంటే ఇదే. మందు మారిందా, వేడి మారిందా, చెయ్యి మారిందా అన్నది తేల్చుకోవాలంటే కనీసం చెయ్యి మారకుండా ఉండాలి.

సమయం పూర్తికావడానికి 10 సెకన్ల ముందే మందు ఒంపడం మొదలుపెట్టి, స్టాప్ బాత్ పోసి, పావు నిమిషం కదిపి, ఆపై ఫిక్సర్ పోయండి. ఫిక్సర్ ఎంతసేపన్నది ముందే తెలుసుకునే మార్గం ఒకటి ఉంది. రీలు నాలుకలోంచి కత్తిరించిన ముక్కను వెలుగులోనే ఫిక్సర్‌లో వేసి, అది పాలలాంటి తెలుపు పోయి స్వచ్ఛంగా మారడానికి ఎంత సమయం పట్టిందో చూసి, దానికి రెట్టింపు సమయం ఫిల్మును ఉంచండి. ఆ ముక్క తేటపడడానికి పట్టే కాలం మునుపటికి రెట్టింపయితే ఫిక్సర్ పని అయిపోయినట్లే. వాడిన ఫిక్సర్‌లో వెండి కరిగి ఉంటుంది, ఒకప్పుడు స్టూడియోల పాత హైపో నుంచి వెండి తీసేవారు ఉండేవారు. దాన్ని మొక్కల మొదట్లోనో, బావి పక్కనో పోయకండి. డబ్బాలో పోగుచేసి, రసాయన వ్యర్థాలను తీసుకునేవారికి అప్పగించండి.

కడిగే నీళ్ల విషయంలో కుళాయి తిప్పి వదిలేయవలసిన పని లేదు. ట్యాంకు నిండా నీళ్లు పోసి అయిదుసార్లు తిప్పి ఒంపేయండి, మళ్లీ నింపి పదిసార్లు, మరోసారి నింపి ఇరవైసార్లు. ఇల్‌ఫర్డ్ వారు చెప్పిన పద్ధతి ఇది, నీటి కరువు ఉన్న ఊళ్లకు ఇంతకంటే మంచిది లేదు. చివరిగా డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల వెట్టింగ్ ఏజెంట్ (నీరు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసే మందు) వేసి ముంచి తీస్తే, బోరు నీళ్ల ఉప్పు మరకలు ఎండిన ఫిల్ము మీద మిగలవు. ఫ్యాన్ ఆపి, స్నానాల గదిలో ముందుగా నీళ్లు చల్లి దుమ్ము అణచి, ఫిల్మును తీగకు వేలాడదీసి, కింది కొసకు బట్టల క్లిప్పు తగిలించండి. ఎండేవరకు ఆ గది తలుపు ఎవరినీ తీయనివ్వకండి.

నెగటివ్‌ను చదవడం

ఫిల్ము ఎండాక మొదట చూడవలసింది ఫోటోలను కాదు, అంచున ఉన్న అంకెలనూ అక్షరాలనూ చూడాలి. అవి కర్మాగారంలోనే వెలుగుతో ముద్రించి ఉంటాయి కాబట్టి వాటి నలుపు మీ కెమెరాను బట్టి మారదు, కడిగిన తీరును బట్టి మాత్రమే మారుతుంది. అంకెలు నల్లగా ఉండి ఫోటోలు పలచగా ఉంటే మీరు ఇచ్చిన వెలుగు చాలలేదు. అంకెలు కూడా వెలిసిపోయినట్లు ఉంటే డెవలపర్ పాతబడింది, లేదా సమయమో వేడో తక్కువైంది. అంకెలే లేకపోతే డెవలపర్ కంటే ముందు ఫిక్సర్ పోశారని అనుకోవచ్చు. అంకెలు చక్కగా ఉండి మధ్యలో ఏమీ లేకపోతే, ఆ తెనాలి పెళ్లి రీలులో జరిగినదే మీకూ జరిగింది.

కంప్యూటరు తెర మీద హిస్టోగ్రాం (వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూసి చెప్పగలిగినదంతా, ఎండిన ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుని చూసి చెప్పగలిగేవరకు ప్రతి రీలునూ ఇలా చదవండి.

ప్రింటు తీయడం

నెగటివ్‌లోని బొమ్మను పెద్దదిగా చేసి కాగితం మీద పడేసే యంత్రమైన ఎన్లార్జర్ ఇప్పుడు కొత్తది కొనడం కష్టమే గాని, మూతపడిన స్టూడియోల అటకల మీద చాలా ఉన్నాయి. అది దొరకనివారు 120 అనే వెడల్పాటి రీలు వాడే కెమెరాతో 6 సెంటీమీటర్ల చదరపు నెగటివ్‌లు తీసి, కాగితం మీద నెగటివ్ పెట్టి, దాని మీద అద్దం బిగించి, పైన బల్బు వెలిగించి ఆర్పితే కాంటాక్ట్ ప్రింటు వస్తుంది. చిన్నదే అయినా అది సంపూర్ణమైన ఫోటో.

ఎన్లార్జర్ ఉన్నవారు మల్టీగ్రేడ్ కాగితంతో (ఫిల్టరు మారిస్తే నలుపు తెలుపుల తేడా మారే కాగితం ఇది), 2వ నంబరు ఫిల్టరుతో మొదలుపెట్టండి. కాగితాన్ని మూడు వేళ్ల వెడల్పు ముక్కగా కోసి, దాని మీద అట్టముక్క అడ్డంపెట్టి, 5 సెకన్లకు ఒకసారి అట్టను కొంచెం కొంచెం జరుపుతూ పోతే 5, 10, 15, 20, 25 సెకన్ల పట్టీలు వస్తాయి. ఈ టెస్ట్ స్ట్రిప్‌ను నిమిషం పాటు డెవలపర్‌లో కదిపి, స్టాప్‌లో 10 సెకన్లు, ఫిక్సర్‌లో అర నిమిషం ఉంచి, నీళ్లలో కడిగి, ఎర్ర దీపం కింద కాక మామూలు వెలుగులో చూడండి. ఎర్ర దీపం కింద ప్రతి ప్రింటూ ఉన్నదానికంటే నల్లగా కనిపించి మోసగిస్తుంది. ముఖం మీది వెలుగు, తెల్లబట్ట మడతలు ఏ పట్టీలో బాగున్నాయో దాన్ని బట్టి సెకన్లు నిర్ణయించండి. అప్పుడు జుట్టు నలుపు చాలలేదనిపిస్తే ఫిల్టరు నంబరు పెంచాలి, మరీ కరకుగా ఉందనిపిస్తే తగ్గించాలి. వెలుగులకు సెకన్లు, నలుపులకు ఫిల్టరు: ఈ వరుస తప్పితే కాగితాల పెట్టె ఖాళీ అవుతుంది గాని ప్రింటు కుదరదు.

ఇక్కడి నుంచి పని చేతులది. ఫోటోషాప్‌లో డాడ్జ్, బర్న్ అన్న రెండు పనిముట్లకు గుర్తులుగా ఒక పుల్లకు అంటించిన గుండ్రటి బిళ్లా, ముడిచిన చెయ్యీ ఉంటాయి. అవి ఎన్లార్జర్ కింద మనం వాడే వస్తువులే. సన్నటి తీగ చివర రూపాయి బిళ్లంత అట్ట అంటించి, వెలుగు పడుతున్నంతసేపూ దాన్ని నీడ ముఖం మీద ఆడిస్తూ ఉంటే ఆ భాగం తేటపడుతుంది. అట్టను ఒకచోట నిలిపితే దాని అంచు గీతలా పడుతుంది. ఆకాశం వెలిసిపోతే, రెండు అరచేతులనూ దోసిలిలా దగ్గరకు తెచ్చి మిగతా బొమ్మను కప్పి, ఆకాశానికి మాత్రం మరో 8 సెకన్లు ఇవ్వండి. కంప్యూటరులో ఈ పని నచ్చకపోతే వెనక్కు తీసుకోవచ్చు, నచ్చితే వెయ్యి కాపీలకు ఒకేలా వేయవచ్చు. అది చిన్న వరం కాదు. చేత్తో తీసిన రెండు ప్రింట్లు మాత్రం అక్షరాలా ఒకేలా ఉండవు. నాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టమని దాచుకోకుండా చెబుతున్నాను.

మా మాస్టారి గర్వమంతా రీటచింగ్‌లో ఉండేది. పెద్ద నెగటివ్‌ను వాలుబల్ల మీద వెనుకనుంచి వెలుగు వచ్చేలా పెట్టి, పెన్సిలు మొనను గరుకు కాగితం మీద సూదిలా సాగదీసి, ముఖం మీది ముడత ఒక్కొక్కదాన్నీ సన్నటి చుక్కలతో నింపేవారు. నెగటివ్‌లో పెన్సిలు నలుపు పడిన చోట ప్రింటులో తెలుపు వస్తుంది కాబట్టి ఆయన చెయ్యి ఎప్పుడూ తలకిందులుగా ఆలోచించేది. ముడతలన్నీ తీసేసేవారు కాదు. "నవ్వినప్పుడు పడే గీతలు తీసేస్తే ఆ మనిషి మనిషిలా ఉండడు అబ్బాయ్" అనేవారు. 35 మిల్లీమీటర్ల నెగటివ్ ఆ పనికి మరీ చిన్నది. మీరు ప్రింటు మీద దుమ్ము వల్ల పడిన తెల్లచుక్కలను సన్నటి కుంచెతో, పలచటి రంగుతో, ఒక్కొక్క చుక్కగా పూడ్చుకుంటే చాలు.

ప్రింటు ఆరాక వెనుకవైపు మెత్తటి పెన్సిలుతో నెగటివ్ నంబరు, సెకన్లు, ఫిల్టరు, ఎక్కడ ఎంత అడ్డం పెట్టారన్నది రాయండి. నెగటివ్‌లను ఆరేసి ముక్కలుగా కోసి, యాసిడ్ లేని కవర్లలో పెట్టి, సిలికా జెల్ వేసిన డబ్బాలో నిలవచేయండి. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ సికింద్రాబాదు స్టూడియో వారి గాజు నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఈనాటికీ ఉన్నాయి. ఆయన మరణించింది 1905లో. సరిగ్గా ఫిక్స్ చేసి, సరిగ్గా కడిగి, పొడిగా దాచిన వెండి బొమ్మ అంతకాలం నిలుస్తుంది. డిజిటల్ ఫైళ్లనూ కాపాడుకోవచ్చు గాని, వాటిని కొన్నేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చేవారు ఒకరు ఎప్పుడూ ఉండాలి.

చెడిపోయిన రీళ్లను కూడా పారేయకుండా, ఏం జరిగిందో కవరు మీద రాసి అదే ఫైలులో వరుసగా పెట్టండి. తెనాలి పెళ్లి రీలు ఇప్పుడు నా దగ్గర ఉంది. దాని కవరు మీద మాస్టారి చేతిరాతలో పెళ్లి తేదీ, దాని కింద రెండే మాటలు: "నాబు చూడలేదు."